టిప్పు పగార్ కాదు

(భివండీ పద్మనగర్‌లో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ఉపన్యాసం. చాలామంది అడిగినందువల్ల మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ వేస్తున్నాం.)



ఈరోజు ఎజెండాలో కరెంటు బిల్లుల సంగతి, సాంచెల రేటు సంగతి ఉన్నాయి. అవి అధ్యక్షుల వారు చెబుతారు. నన్ను హోటల్ పనివాళ్ల గురించి మాట్లాడమన్నారు. వెనక వరుసలో ఒకరిద్దరు నవ్వుతున్నారు, సాంచెల సంఘానికి హోటళ్లతో ఏం పని అని. నవ్వండి, తప్పు లేదు. కానీ మీ ఇంటికి పోయాక మీ కొడుకు, మీ అల్లుడు, మీ పక్కింటి పిల్లవాడు ఏం పని చేస్తున్నాడో ఒకసారి లెక్క పెట్టుకోండి. చందా వసూలుకు గల్లీ గల్లీ తిరిగేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. తండ్రి నిలబడ్డ సాంచె దగ్గర కొడుకు నిలబడటం లేదు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని లోకల్ ఎక్కి ముంబై పోయి, ఎవరికో నీళ్లు పోస్తున్నాడు. ఆ పిల్లలకు సంఘం లేదు. వాళ్ల తల్లిదండ్రులకు ఉంది. అందుకే ఈ మాట ఇక్కడ మాట్లాడుతున్నాను.

నా సొంత ఇంటి సంగతే చెబుతాను. మా బావ లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో వీవింగ్ ఖాతాలో పని చేశాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైనప్పుడు బయటికి వచ్చిన దాదాపు రెండున్నర లక్షల మందిలో ఆయన ఒకడు. మళ్లీ లోపలికి పోలేదు. ఆ మిల్లు ఆవరణలో ఇప్పుడు ఆఫీసులు, దుకాణాలు, పెద్ద పెద్ద హోటళ్లు ఉన్నాయి. పాత చిమ్నీ కూల్చకుండా అందానికి ఉంచి దానికి లైట్లు పెట్టారు. ఆ ఆవరణలోనే ఒక హోటల్లో మా మేనల్లుడు వెయిటర్. తండ్రి చెమట పోసిన జాగాలోనే కొడుకు గ్లాసులో నీళ్లు పోస్తున్నాడు. ఒకనాడు మా బావను తీసుకుపోయి చూపిస్తానన్నాడు పిల్లవాడు. ఆయన రానన్నాడు.

ఆ పిల్లవాడి లెక్క వినండి. ఒకసారి నాతో అన్నాడు: "మామా, సేట్ పధ్నాలుగు వేలిస్తడు. టిప్పు మంచిగొస్తే ఇంకో ఆరు వేలు. ఇరవై అనుకో." ఆ ఇరవై వేల మీదనే ఇల్లు కిరాయికి తీసుకున్నాడు, ఇరవై వేలు అని చెప్పే పెళ్లి చేశాం. రాత్రి ఒంటిగంటకు హోటల్ మూస్తారు. ఆఖరి లోకల్ దొరక్కపోతే టేబుళ్లు పక్కకు జరిపి అక్కడే పడుకుంటాడు. పోయిన శ్రావణంలో టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం పట్టాడు. ఈఎస్ఐ కార్డు ఉంది, అంతవరకు అదృష్టం. జబ్బు పడితే ఈఎస్ఐ ఇచ్చేది పగార్‌లో 70 శాతం. దేని మీద 70? ఇరవై మీద కాదు, పధ్నాలుగు మీద. అంటే 9,800. ఇరవై వేలు వస్తాయనుకుని నడిచే ఇంట్లోకి ఆ నెల పది వేలు కూడా రాలేదు. కిరాయి నేను కట్టాను. అప్పుడు వాడికి అర్థమైంది, ఆరు వేలు వాడి పగార్ కాదని.

ఇక్కడ ఒక్క నిమిషం వెనక్కి పోతాను. పెద్దవాళ్లకు ఖానావళి గుర్తుండే ఉంటుంది. భార్యాపిల్లలు ఊళ్లో, మగవాడు ముంబైలో, ఒక్కో ఖోలీలో పదిమంది. వర్లీలో బీడీడీ చాళ్ల దగ్గర మా జిల్లా అవ్వ ఒకామె ఖానావళి నడిపేది. పేరు చెప్పను, ఆమె మనుమలు ఈ సభలోనే ఉన్నారు. జొన్నరొట్టె, పప్పు, ఆదివారం ఒక్కపూట మాంసం. నెలకింత అని లెక్క, పగార్ రోజు సాయంత్రం చెల్లు. నా చిన్నప్పుడు మా బాపుతో పోయి నేనూ తిన్నాను. ఒక పగార్ రోజున మా బాపు వాళ్లు నలుగురు కలిసి లెక్క మీద ఐదు రూపాయలు ఎక్కువ పెట్టారు. అవ్వకు కోపం వచ్చింది. "నేనేమన్న బిచ్చమడిగిన్నా? జొన్నల ధర పెరిగింది, ఇచ్చేదుంటే నెల పైసలు పెంచుండ్రి. పండుగకు చీర పెడతమంటే పెట్టుండ్రి, అది వేరే లెక్క" అన్నది. ఐదు రూపాయలు తిరిగి చేతిలో పెట్టింది. తర్వాత నెల నుంచి అందరూ నెల పైసలు పెంచారు.

సమ్మె రోజుల్లో అవ్వ అరువు మీదనే అన్నం పెట్టింది. వెండి కడియాలు కుదువ పెట్టింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, ఆమె ఖాతా బుక్కులో పేర్లు రాసింది నేనే. గిరణ్‌గావ్‌లో ఇట్లాంటి ఆడవాళ్లు వేలమంది. వాళ్లను కూడగట్టి ప్రేమా పురవ్ గారు 1975లో అన్నపూర్ణ మహిళా మండలి పెట్టారు, వడ్డీవ్యాపారుల చేతిలోంచి తప్పించడానికి. మా బాపు బాకీ నేను బద్లీ పనిలోకి పోయాక 1988లో తీర్చాను. అవ్వ తీసుకుంది, వడ్డీ అడగలేదు.

అవ్వ మాట ఎందుకు చెప్పానంటే, కోర్టులు చాలా ఏళ్లు తిప్పి తిప్పి చెప్పింది కూడా అదే. జైపూర్‌లో రాంబాగ్ ప్యాలెస్ హోటల్ కార్మిక సంఘం కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. గిరాకీ ఇచ్చే టిప్పు యాజమాన్యం తన జేబులోంచి ఇచ్చే పగార్ కాదని 1976లో కోర్టు తేల్చింది. 2016లో ఇన్‌కమ్ టాక్స్ వాళ్లతో ఐటీసీ హోటళ్ల కేసులోనూ అదే మాట: కార్డు మీద వచ్చిన టిప్పును హోటల్ పంచి పెట్టినంత మాత్రాన అది జీతం కాదు, దాని మీద హోటల్ వాళ్లు టాక్స్ కత్తిరించనక్కర లేదు అన్నారు.

ఈ తీర్పుకు రెండు మొనలున్నాయి సోదరులారా. ఒకటి మనకు పనికొచ్చేది. "నీకు టిప్పు వస్తున్నది గదా, పగార్ ఎందుకు పెంచాలె" అని సేట్ అంటే, అది నువ్వు ఇచ్చింది కాదు సేట్ అని మనం అనవచ్చు. అమెరికా పోయిన మన పిల్లలు ఫోన్ చేసినప్పుడు చెబుతుంటారు, అక్కడ హోటల్లో తింటే బిల్లు మీద 15, 20 శాతం పెట్టాల్సిందేనని. ఎందుకో తెలుసా? అక్కడ కేంద్ర చట్టం ప్రకారం మామూలు కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. టిప్పు దొరికే పనివాళ్లకు మాత్రం సేట్ తన జేబులోంచి 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలు, మిగతాది టిప్పుతో నిండితే సరిపోతుంది. ఆ 2.13 అనేది 1991 నుంచి అట్లాగే ఉంది. కొన్ని రాష్ట్రాలు తమంతట తాము ఎక్కువ ఇప్పిస్తున్నాయి, అది వేరు. టిప్పును పగార్‌లో కలిపితే పెరిగేది పగార్ కాదు, సేట్‌కు మిగులు.

రెండో మొన మనల్ని కోసేది. పగార్ కాదు కాబట్టి టిప్పు మీద పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, బోనస్ లేదు. గ్రాట్యుటీ లెక్క మీ అందరికీ నోటికి వచ్చు. నెల పగార్ 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్ల సర్వీసో అన్నిసార్లు. మా మేనల్లుడు ఇదే పగార్ మీద ఇరవై ఏళ్లు చేశాడనుకుందాం. పధ్నాలుగు వేల మీద వచ్చేది 1,61,538 రూపాయలు. ఇరవై వేలూ పగార్ అయ్యుంటే 2,30,769. తేడా 69 వేల పైన. ఇరవై ఏళ్లు రోజూ జేబులో వేసుకున్న ఆ ఆరు వేలు, ఆఖరి రోజున వాడి వెంట రావు.

మనకు ఈ సంగతి కొత్త కాదు. మన బోనస్ కూడా ఒకప్పుడు బక్షీసే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ముంబై మిల్లుల్లో లాభాలు విపరీతంగా వచ్చినప్పుడు యజమానులు దయతలచి బోనస్ పంచారు. కార్మికులు అది తమ రాబడి అనుకుని ఇళ్లు నడుపుకున్నారు. లాభం తగ్గింది, 1923 సంవత్సరానికి ఇవ్వం అన్నారు. 1924 జనవరి నుంచి మార్చి దాకా లక్షకు పైగా కార్మికులు సమ్మె చేశారు. ప్రభుత్వం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి నార్మన్ మెక్లియడ్ గారితో కమిటీ వేసింది. ఆ కమిటీ, బోనస్ అడిగే హక్కు కార్మికుడికి లేదు పొమ్మంది. ఆకలితో సమ్మె ముగిసింది. తర్వాత నలభై ఏళ్లు కోర్టుల్లో, మిల్లు గేట్ల దగ్గర కొట్లాడితే 1965లో బోనస్ చట్టం వచ్చింది. ఇప్పుడు కనీసం 8.33 శాతం, అంటే ఏడాదిలో పన్నెండో వంతు, ఒక నెల పగార్. 2019 నాటి వేతనాల కోడ్‌లో కూడా ఆ 8.33 అట్లాగే ఉంది. దసరాకు, దీపావళికి బోనస్ తీసుకునేటప్పుడు మీలో ఎవరైనా సేట్‌కు దండం పెడుతున్నారా? లేదు. తక్కువిస్తే మా ఆఫీసుకు వస్తున్నారు.

సర్వీస్ చార్జి సంగతి కూడా ఒక మాట. పెద్ద హోటళ్లలో బిల్లు కిందనే పది శాతమో ఎంతో సర్వీస్ చార్జి అని వేస్తారు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అట్లా బలవంతంగా వేయరాదంది. హోటళ్ల సంఘాలు కోర్టుకు పోయాయి. ఇది మా పనివాళ్ల సంక్షేమం కోసం అని వాదించాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు, గిరాకీ ఇష్టపడి ఇస్తే సరే, తప్పనిసరి చేయడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. గిరాకీ వైపు నుంచి అది న్యాయమే. అయితే మా మేనల్లుడి హోటల్లో ఆ సంక్షేమం ఎట్లా నడిచేదో చెబుతాను. వచ్చిన సొమ్మంతా ఒక గల్లాలో వేస్తారు. పాయింట్లు ఉంటాయి: మేనేజర్‌కు ఇన్ని, కెప్టెన్‌కు ఇన్ని, వెయిటర్‌కు ఇన్ని, గిన్నెలు తోమే వాడికి అర పాయింటో, అదీ లేదో. పగిలిన గ్లాసుల ఖర్చు అందులోంచే కోస్తారు. మొత్తం ఎంత వచ్చిందో రాసిన బుక్కు వెయిటర్ కంట పడదు. జాబర్‌కు చాయ్ తాగిస్తే గానీ బద్లీకి పని దొరకని రోజులు నేను చూశాను. ఆ వాసనే ఇక్కడా వచ్చింది నాకు.

ఇప్పుడు మిషన్ల సంగతికి వస్తాను.

చెన్నైలో, బెంగళూరులో రోబోలు వడ్డించే హోటళ్లు తెరిచారని పేపర్లో ఫోటోలు వచ్చాయి. పిల్లలు సరదాగా చూడటానికి పోయారు. రోబో మన పిల్లల కడుపు కొడుతుందని చాలామంది భయపడుతున్నారు. నాకు ఆ భయం అంతగా లేదు. అమెరికాలో 1902లోనే ఫిలడెల్ఫియాలో ఒక హోటల్ పెట్టారు. గోడ నిండా చిన్న చిన్న అద్దాల అరలు. బిళ్ల వేస్తే తలుపు తెరుచుకుంటుంది, తిండి తీసుకోవాలి. వెయిటర్ లేడు. జనం వింతగా ఎగబడ్డారు. గోడ వెనక మాత్రం మనుషులే నిలబడి, ఖాళీ అయిన అరను మళ్లీ నింపేవాళ్లు! ఆ కంపెనీ ఆఖరి హోటల్ న్యూయార్క్‌లో 1991లో మూతపడింది.

మన దగ్గర వెయిటర్‌ను తీసేయడానికి మిషన్ కూడా అక్కర్లేకపోయింది. బెంగళూరు పోయినవాళ్లకు దర్శిని హోటళ్లు తెలుసు, 1980ల నుంచి నడుస్తున్నాయి. పైసలు కట్టి టోకెన్ తీసుకో, కౌంటర్ దగ్గర ఇడ్లీ పళ్లెం అందుకో, నిలబడి తిను, పో. గిరాకీ వల్లనే వెయిటర్ పని చేయించారు. ధర తక్కువ, కాబట్టి గరీబు కూడా తినగలిగాడు. అది చెడ్డదని నేను అనను. బెంగళూరు పోతే నేనూ అక్కడే తింటాను.

మా మేనల్లుడి హోటల్లో వచ్చింది ఒక చీటీ. అరచేతిలో సగం ఉంటుంది, టేబుల్‌కు అంటించారు. క్యూఆర్ కోడ్ అంటారు. గిరాకీ ఫోన్‌తో దాన్ని ఫోటో తీస్తాడు, మెనూ కనబడుతుంది, కావలసింది నొక్కుతాడు, ఆర్డర్ నేరుగా వంటింట్లో అచ్చవుతుంది. తిన్నాక ఫోన్‌లోనే పైసలు కట్టేస్తాడు. సోంపుతో బిల్లు పెట్టుకుని వచ్చే పళ్లెమే లేదు. పళ్లెం లేకపోతే అందులో నోటు ఎక్కడ పెడతాడు? 2016 నోట్ల రద్దు తర్వాత జేబులో చిల్లర ఉంచుకునే అలవాటు ముందే తగ్గింది. మిగిలినది ఈ చీటీతో పోయింది. మా వాడి టిప్పు ఆరు వేల నుంచి రెండు వేలకు పడింది. వాడు చూసే టేబుళ్లు నాలుగు ఉండేవి, తొమ్మిది అయ్యాయి. "ఇగ ఆర్డర్ రాసే పని లేదు గదా, పెట్టి వచ్చుడే గదా" అన్నాడట మేనేజర్. ముగ్గురు పిల్లలను రేపట్నుంచి రావద్దన్నారు.

ఇది వింటే మీకు ఏం గుర్తొచ్చింది? 1928లో ముంబై మిల్లుల్లో రెండు సాంచెలు నడిపే మనిషిని మూడు నడపమన్నారు. మిషన్ బాగైంది, నీకు పని తేలికైంది అన్నారు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఆరు నెలలు మిల్లులు ఆగిపోయాయి. అప్పటివాళ్లు మిషన్‌ను పగలగొట్టమనలేదు. ఒక మనిషి మూడు మగ్గాలు చూస్తే మిగిలిన పగార్ ఎవరి ఇంటికి పోతుందని అడిగారు. ఈ హోటల్లో కూడా ముగ్గురి పగార్ మిగిలింది. బిల్లు ధర తగ్గలేదు. మిగిలిన ఐదుగురి పగార్ పెరగలేదు.

ఇంకొకటి కూడా ఉంది, లెక్కలో రాదు. ఒక కుటుంబం ప్రతి శనివారం వచ్చేదట. వాళ్ల ముసలాయనకు పళ్లు లేవు, మా వాడు అడక్కుండానే రోటీ పప్పులో నానబెట్టి తెచ్చేవాడు. చీటీలో ఆ బటన్ లేదు. ముసలాయన ఇప్పుడు వస్తున్నాడో లేదో, తొమ్మిది టేబుళ్లలో చూసుకునే తీరిక లేదంటాడు మా వాడు.

ఆ ముగ్గురి విషయం నా గుండెలో ముల్లు. ఒకడు ఇక్కడి పిల్లవాడే. నాలుగేళ్ల సర్వీసు. సరే సార్ అని చేతికిచ్చిన ఎనిమిది రోజుల పగార్ తీసుకుని ఇంటికి వచ్చాడు. ఏడాది నిండిన పనివాణ్ణి పని తగ్గిందని తీసేస్తే నెల నోటీసు, లేదా నెల పగార్, పైన ఏడాదికి 15 రోజుల పగార్ చొప్పున పరిహారం ఇవ్వాలని చట్టంలో ఉంది. మన సాంచె కార్మికులకు చిన్నపిల్లలకు తెలిసినట్టు తెలుసు. ఆ పిల్లవాడికి తెలియదు. వాళ్ల నాన్న మన సంఘం సభ్యుడు, ఆయనా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగితే, "అది హోటల్ గదా అన్నా, అక్కడ గిట్ల చట్టం ఉంటదని నాకేం ఎరుక" అన్నాడు. తప్పు ఆయనది కాదు. పాతికేళ్లుగా మైకు పట్టుకున్న నాది.

పోయిన కార్యవర్గ సమావేశంలో దీని మీద గొడవ కూడా జరిగింది. ఒక సభ్యుడు, టిప్పు ఇవ్వడమంటే దొరతనం చూపించడం, మనం ఇవ్వరాదన్నాడు. ఇంకొకరు, మన పిల్లల పొట్ట కొట్టేదానివి నువ్వే అని లేచారు. నా అభిప్రాయం చెబుతాను, ఇది తీర్మానం కాదు. ఇవ్వండి. నోటు రూపంలో, చేతికి ఇవ్వండి, పేరు అడగండి, "ఏయ్" అని చిటిక వేయకండి. కానీ ఇచ్చినందుకు మీరు ఆ పిల్లవాడికి ఏదో చేశామనుకోవద్దు. అవ్వ చెప్పిన నెల పైసల లెక్క వేరే ఉంది, అది సేట్‌తో తేల్చుకోవాల్సింది.

సేట్‌ను అడగాల్సింది ఏమిటంటే, ముందు పే స్లిప్ మీద పగార్ పెరగాలి, టిప్పు ఊసు లేకుండా. సర్వీస్ చార్జి తీసుకుంటే దాని బుక్కు పనివాళ్లందరికీ చూపించాలి, గిన్నెలు తోమేవాడికి కూడా. చీటీ అంటించే ముందు ఒక్కొక్కరికి ఎన్ని టేబుళ్లో కూర్చుని మాట్లాడాలి. ఒక్క పిల్లవాడు ఒక్కడే పోయి అడిగితే వాణ్ణి కూడా రావద్దంటారు. అందుకే ముందు ఎవరెవరు ఎక్కడ పని చేస్తున్నారో మనకు తెలియాలి.

హోటళ్లకు ఆదివారం సెలవుండదు. ఎక్కువమందికి వంతు సెలవు సోమవారం పడుతుంది కాబట్టి, వచ్చే సోమవారం పొద్దున 11 గంటల నుంచి సంఘం ఆఫీసు వాళ్ల కోసమే తెరిచి ఉంటుంది. మూడు నెలల పే స్లిప్పులు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు తెమ్మనండి. స్లిప్ ఇవ్వని హోటళ్లు చాలా ఉన్నాయి. అట్లాంటి వాళ్లు బ్యాంకు పాసుబుక్కు తేవాలి, లేదా హాజరు బుక్కులో తన పేరున్న పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకుని రావాలి. యూనిఫాం కోసమని డిపాజిట్ కట్టించుకుంటే ఆ చీటీ కూడా. హోటల్ పేరు మన బుక్కులో తప్ప బయట ఎక్కడా చెప్పం. పనిలోంచి తీసేసిన ఆ ముగ్గురిలో ఇద్దరు వస్తామన్నారు. మూడోవాడు సూరత్ పోయాడట, వాళ్ల నాన్న వస్తాడు.

అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. ఇక కరెంటు బిల్లుల సంగతి వారు చెబుతారు.